30-30 హ్యాండ్‌లోడ్‌లు ఛాంబర్‌లో ఇరుక్కుంటున్నాయి, లీవర్ పూర్తిగా మూసుకోవడం లేదు

కొత్తచెయ్యి

అందరికీ నమస్కారం. రీలోడింగ్ (కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టి తూటాలు చేసుకోవడం) మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఇన్నాళ్లూ రివాల్వర్ తూటాలే చేశాను, ఏ ఇబ్బందీ రాలేదు. 30-30 వించెస్టర్ అనే రైఫిల్ తూటా చేయడం ఇదే మొదటిసారి. రైఫిల్ మార్లిన్ 336, లీవర్‌తో తెరిచి మూసేది.

మొత్తం 50 తూటాలు లోడ్ చేశాను. రేంజ్‌లో మొదటి మూడు బాగానే వెళ్లాయి. నాలుగోది దగ్గరికొచ్చేసరికి లీవర్ ఇంకో అర అంగుళం ఉందనగా ఆగిపోయింది. కొంచెం నొక్కి చూశాను, కదల్లేదు. భయమేసి లీవర్ తెరిస్తే తూటా బయటికొచ్చేసింది. తర్వాత ఇంకో రెండు కూడా అలాగే ఆగడంతో అక్కడితో ఆపేశాను. ఫ్యాక్టరీ తూటాలు మాత్రం అదే రోజు అదే రైఫిల్‌లో ఒక్కటి కూడా పట్టకుండా వెళ్లాయి.

వివరాలు: 170 గ్రెయిన్ల జాకెటెడ్ ఫ్లాట్ నోజ్ బుల్లెట్, చుట్టూ క్రింప్ గాడి ఉంది (క్రింప్ అంటే కేస్ మూతిని ఆ గాడిలోకి మడిచి బుల్లెట్‌ని బిగించడం). ట్యూబ్ మ్యాగజీన్‌కి (తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండే గొట్టం) క్రింప్ గట్టిగా ఉండాలని చదివి, బుల్లెట్‌ని కేస్‌లోకి దించే సీటింగ్ డైతోనే బాగా క్రింప్ వేశాను. కేసుల్లో సగం నేను కాల్చిన ఫ్యాక్టరీవే, మిగతా సగం ఒక స్నేహితుడు సంచిలో పోసి ఇచ్చినవి. అన్నీ ఫుల్ లెంగ్త్ డైలో సైజ్ చేశాను, అంటే కాల్చినప్పుడు ఉబ్బిన కేస్‌ని నొక్కి మళ్లీ కొలతకి తెచ్చాను. తూటా మొత్తం పొడవు అన్నిటికీ 2.540 అంగుళాల దగ్గరే ఉంది. గరిష్ఠం 2.550 కదా, మరి ఎక్కడ పట్టేస్తోంది?

ఇంకాస్త గట్టిగా లాగితే మూసుకునేదేమో అనిపించింది. లాగాలా వద్దా అని అప్పట్నుంచి టెన్షన్‌గానే ఉంది.

ముప్పైముప్పై

లాగకపోవడమే మంచి పని. ఇకముందు కూడా లాగొద్దు. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి మూసేటప్పుడు చివర్లో మంచి బలం ఉంటుంది, హ్యాండిల్ తిప్పుతుంటే కాస్త లావుగా ఉన్న తూటాని కూడా లోపలికి నెట్టేస్తుంది. లీవర్‌కి ఆ బలం లేదు. కాబట్టి లీవర్ ఆగిందంటే లోపల లోహానికి లోహం గట్టిగా తగులుతోందన్నమాట. బలవంతంగా మూస్తే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, తూటా ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) బిగుసుకుపోయి, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌కి కూడా అందకపోవచ్చు. రెండోది, బోల్ట్ పూర్తిగా లాక్ కాకుండా తూటా పేలే పరిస్థితి దాకా తెచ్చుకోవడం.

ముందుగా ఆ 50లో మిగిలినవన్నీ ఒక డబ్బాలో పెట్టి "కాల్చొద్దు" అని రాసి పక్కన పెట్టండి. బాగానే వెళ్లేవి కూడా అందులోనే ఉంచండి.

తర్వాత కేస్ పొడవు చెప్పండి. తూటా పొడవు కాదు, ఒట్టి కేస్ పొడవు. సైజ్ చేశాక కొలిచారా? ట్రిమ్ చేశారా, అంటే మూతి కోసి పొడవు తగ్గించారా?

నీలిఉక్కు

బుల్లెట్ ముక్కు రైఫ్లింగ్‌కి (గొట్టం లోపలి మెలిక గాళ్లు) తగులుతోందేమో. నాకు ఒకసారి వేరే కంపెనీ బుల్లెట్ వాడినప్పుడు అలాగే అయింది. పొడవు లెక్కలోనే ఉంటుంది కానీ ముక్కు లావుగా ఉన్న బుల్లెట్ ముందే తగులుతుంది. బుల్లెట్‌ని ఇంకో 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపలికి దింపి చూడండి.

వర్నియర్

నీలిఉక్కు గారూ, అది కారణం కావచ్చు, కాకపోవచ్చు. ఎక్కడ పట్టేస్తోందో చూడకుండా దింపడం నాకు నచ్చదు. బుల్లెట్ లోపలికి దిగితే కేస్‌లో చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. పైగా క్రింప్ గాడి దాటి దిగుతుంది, అప్పుడు క్రింప్‌కి పట్టు ఉండదు.

కొత్తచెయ్యి గారూ, మీ రైఫిల్ 336 కావడం కలిసొచ్చింది. లీవర్ సగం తెరిచి, లీవర్ స్క్రూ తీస్తే లీవర్ బయటికొస్తుంది. ఆ తర్వాత బోల్ట్ వెనక్కి జారి వచ్చేస్తుంది. ఎజెక్టర్ విడిగా ఊడిపడుతుంది, పారేసుకోకండి. బోల్ట్ లేదంటే ఫైరింగ్ పిన్ కూడా లేనట్టే. అప్పుడు తూటాని వేళ్లతోనే ఛాంబర్‌లోకి జార్చి చూడొచ్చు. అయినా గొట్టం మాత్రం సురక్షితమైన వైపే ఉండాలి.

ముందు ఒక ఫ్యాక్టరీ తూటా జార్చండి. రిమ్ (కేస్ అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) దాకా వెళ్లి "టక్" మని ఆగుతుంది, గొట్టం పైకెత్తితే దానంతటదే బయటికి జారుతుంది. ఆ చప్పుడు, ఆ జారుడు గుర్తు పెట్టుకోండి. తర్వాత మీవి ఒక్కొక్కటీ జార్చి మూడు కుప్పలుగా వేరు చేయండి: టక్‌మన్నవి, వేలితో నొక్కితే వెళ్లినవి, వెళ్లనివి. ఆగిన చోట వదిలేయాలి, నొక్కి నొక్కి లోపలికి దింపొద్దు.

వెళ్లనివాటికి నల్ల పర్మనెంట్ మార్కర్‌తో మెడ, భుజం (మెడ కింది వాలు), ఒళ్లు, రిమ్ ముందు భాగం, బయటికి కనిపించే బుల్లెట్ అంతా రంగు పూయండి. ఆరాక మళ్లీ జార్చి, కొంచెం తిప్పి తీయండి. రంగు ఎక్కడ చెరిగి ఇత్తడి మెరిస్తే మీ సమస్య అక్కడే ఉంది.

సీసంపోత

మార్కర్ లేకపోతే కొవ్వొత్తి మసి కూడా పనికొస్తుంది, కానీ లోడ్ చేసిన తూటా దగ్గరికి మంట తేవద్దు. మసి పద్ధతి ఒట్టి కేసులకి మాత్రమే.

కొత్తచెయ్యి

ముప్పైముప్పై గారూ, నిజం చెప్పాలంటే కేసులు ట్రిమ్ చేయలేదు. రివాల్వర్ కేసులు ఎప్పుడూ ట్రిమ్ చేసే అవసరం రాలేదు, దీనికీ అక్కర్లేదనుకున్నాను. స్నేహితుడి సంచిలో ఇంకా సైజ్ చేసినవి కొన్ని లోడ్ కాకుండా మిగిలాయి. అవీ, నావీ కలిపి ఇరవై దాకా ఇప్పుడే కొలిచాను. అతి పొట్టిది 2.028, అతి పొడుగుది 2.052.

బోల్ట్ తీసి జార్చడం రేపు ఉదయం చేస్తాను.

ముప్పైముప్పై

2.052 అన్నారు కదా, నా అనుమానం అక్కడే నిలబడింది. 30-30 కేస్ గరిష్ఠ పొడవు 2.039. ట్రిమ్ చేస్తే 2.029 దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు. మీ దగ్గర గరిష్ఠం కంటే 13 థౌ పొడుగున్న కేసులున్నాయి. పొట్టిదానికీ పొడుగుదానికీ తేడా 24 థౌ.



దాన్ని క్రింప్‌తో కలిపి చూడండి. సీటింగ్ డైలో క్రింప్ వేసే అంచు ఒక ఎత్తులో స్థిరంగా ఉంటుంది. మీరు దాన్ని ఏదో ఒక కేస్ పెట్టి సెట్ చేసి ఉంటారు. ఆ కేస్ పొట్టిదైతే దానికి క్రింప్ చక్కగా పడుతుంది. తర్వాత వచ్చే కేస్ 20 థౌ పొడుగైతే, దాని మూతి ఆ అంచుకి ముందే తగులుతుంది, ప్రెస్ ర్యామ్ (కేస్‌ని పైకి నెట్టే కడ్డీ) ఇంకా పైకి నెడుతూనే ఉంటుంది. ఇంకో సంగతి. అన్ని తూటాల మొత్తం పొడవూ 2.540 చేశారంటే, బుల్లెట్ గాడి అన్నిట్లో ఒకే ఎత్తులో ఉంది. పొడుగు కేస్ మూతి ఆ గాడిని దాటి పైకి పోయింది. అక్కడ మడవడానికి గాడి లేదు, గట్టి జాకెట్ ఉంది. మూతి లోపలికి మడవలేదు, బుల్లెట్ కదలదు. ఆ ఒత్తిడంతా మెడ మీదుగా కిందికి దిగి భుజాన్ని బయటికి ఉబ్బిస్తుంది. 30-30 ఇత్తడి మెడ దగ్గరా భుజం దగ్గరా పల్చగా ఉంటుంది, అందుకే చాలా తేలిగ్గా లొంగిపోతుంది.

ఆ ఉబ్బు కంటికి కనిపించదు. అయిదారు థౌ ఉంటే చాలు, లీవర్ ఆగిపోతుంది.

పద్దుపుస్తకం

నేను చేసే ఒక పరీక్ష చెబుతాను, ఏ గేజ్ అక్కర్లేదు. టేబుల్ మీద అద్దం ముక్క పెట్టి, పక్కనుంచి దీపం వెలుతురు పడేలా చూసుకుని, తూటాని అద్దం మీద మెల్లగా దొర్లించండి. మంచి తూటాలో ఒళ్లు వాలుగా వెళ్లి భుజం దగ్గర ఒక్కసారిగా లోపలికి విరుగుతుంది, ఆ గీత దగ్గర వెలుతురు సన్నగా, తెగకుండా కనిపిస్తుంది. ఉబ్బిన తూటాలో ఆ గీతకి కాస్త కిందే సన్నటి కట్టు కట్టినట్టు వెలుతురు రెండుగా చీలుతుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. కళ్లు మూసుకుని గోరు పైనుంచి కిందికి జార్చినా ఆ కట్టు దగ్గర గోరు తడబడుతుంది.

తర్వాత క్యాలిపర్‌తో భుజం దగ్గర వ్యాసం కొలవండి. లెక్క ప్రకారం 0.401 అంగుళం గరిష్ఠం. మెడ బయటి వ్యాసం 0.330 గరిష్ఠం. కొలిచే ముందు క్యాలిపర్ దవడలు తుడిచి సున్నా చూసుకోండి, ఇత్తడి పొట్టు ఒక్క రేణువు ఇరుక్కున్నా రెండు థౌ తప్పు చూపిస్తుంది.

మూడొందలెనిమిది

నా రైఫిల్ బ్రౌనింగ్ బీఎల్ఆర్, 308. లీవర్ యాక్షనే. కొన్నాళ్లు ఇదే బాధ పడ్డాను. నాకు స్మాల్ బేస్ డై కొన్నాకే తగ్గింది. మీరూ అది తెప్పించుకోండి, ఒక్క దెబ్బతో పోతుంది.

ముప్పైముప్పై

తమ్ముడూ, మీ 308 సంగతి వేరు. అది రిమ్ లేని కేస్, ఛాంబర్‌లో ఎంత దూరం వెళ్లాలో భుజమే నిర్ణయిస్తుంది. 30-30లో ఆ పని రిమ్‌ది. రిమ్ మందం గరిష్ఠం 0.063. స్మాల్ బేస్ డై రిమ్‌కి పైనున్న అడుగు భాగాన్ని మామూలు డై కంటే కాస్త ఎక్కువ నొక్కుతుంది, అంతే. క్రింప్ వేసేటప్పుడు ఉబ్బిన భుజానికి ఆ డై ఏమీ చేయలేదు, ఎందుకంటే ఉబ్బు సైజింగ్ అయిపోయాక వచ్చింది. మార్కర్ ఏం చెబుతుందో చూశాక కొనాలా వద్దా ఆలోచిద్దాం.

మూడొందలెనిమిది

సరే అన్నా, ఆ వరస నేను ఆలోచించలేదు. నా కేసుల్లో మార్కర్ రంగు రిమ్ దగ్గర, అడుగునే చెరిగేది. అందుకే నాకు ఆ డై పనిచేసింది.

కొత్తచెయ్యి

పొద్దున్నే బోల్ట్ తీసి చూశాను. చాలాసేపు పట్టింది కానీ ఇంత స్పష్టంగా తెలుస్తుందనుకోలేదు.

ఫ్యాక్టరీ తూటా టక్‌మని వెళ్లింది, గొట్టం ఎత్తితే జారి చేతిలో పడింది. నావి 47 మిగిలాయి. అందులో 28 అచ్చం అలాగే వెళ్లాయి. 16 తూటాలు రిమ్‌కి, గొట్టం అంచుకి మధ్య వేలిగోరు మందం ఖాళీ వదిలి ఆగిపోయాయి. ఇంకో 3 దాదాపు చివరిదాకా వెళ్లి ఆగాయి, తిప్పితే పట్టినట్టు ఉన్నాయి.

ఆ 16లో ఆరింటికి మార్కర్ పూశాను. ఆరింటికీ ఒకే చోట, భుజం విరుపుకి కిందే, ఉంగరంలా చుట్టూ రంగు పోయి ఇత్తడి మెరుస్తోంది. బుల్లెట్ మీద రంగు చెక్కుచెదరలేదు. పద్దుపుస్తకం గారు చెప్పినట్టు అద్దం మీద దొర్లించి చూస్తే ఆ కట్టు కనిపించింది! నిన్నటిదాకా చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు చూసినా కనపడలేదు. కొలిస్తే అక్కడ 0.405, 0.406 వస్తోంది. బాగా వెళ్లేవాటిలో అదే చోట 0.399.

ఆ 3 మాత్రం వేరుగా ఉన్నాయి. భుజం 0.399 ఉంది, ఉబ్బు లేదు. రంగు రిమ్ పైన, అడుగు భాగంలో ఒక పక్క ఎక్కువగా చెరిగింది. మూడూ స్నేహితుడి సంచిలోని కేసులే. వీటి సంగతేంటి?

వర్నియర్

చూశారా, ఒకే డబ్బాలో రెండు జబ్బులున్నాయి. బుల్లెట్ దింపి ఉంటే రెండూ అలాగే ఉండేవి.

ఆ మూడూ వేరే రైఫిల్‌లో, మీదానికంటే వదులైన ఛాంబర్‌లో కాలి ఉంటాయి. అడుగు భాగం అక్కడ ఎక్కువ వ్యాకోచించింది, మీ సైజింగ్ డై దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. డై ఎంత కిందికి దించారో చూడండి. కేస్ లేకుండా ఒట్టి షెల్ హోల్డర్ (కేస్ అడుగుని పట్టుకునేది) పైకెత్తి డైకి తాకించి బిగించారు కదా? చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ కేస్ లోపల ఉన్నప్పుడు ప్రెస్ మీద భారం పడి కాస్త సాగుతుంది, అప్పుడు డైకి షెల్ హోల్డర్‌కి మధ్య సన్నటి ఖాళీ వస్తుంది. ఒక కేస్ పెట్టి ర్యామ్ పూర్తిగా పైకెత్తి, వెనకనుంచి టార్చ్ వేసి ఆ సందులోంచి చూడండి. వెలుతురు కనిపిస్తే కేస్ అడుగున అంతమేర డైలోకి వెళ్లడం లేదన్నమాట.

డై మర అంగుళానికి 14 చుట్లు ఉంటుంది. అంటే ఒక చుట్టు తిప్పితే 71 థౌ, ఎనిమిదో వంతు చుట్టుకి 9 థౌ దాకా దిగుతుంది. కాబట్టి ఎనిమిదో వంతు, అవసరమైతే ఇంకో పదహారో వంతు, అలా కొంచెం కొంచెంగా దించుతూ ప్రతిసారీ ఒట్టి కేస్‌ని ఛాంబర్‌లో జార్చి చూడండి. టక్‌మనగానే ఆపేయండి.

ఎందుకు ఆపమంటున్నానంటే, అవసరానికి మించి నొక్కితే భుజం ప్రతిసారీ బాగా వెనక్కి పోతుంది, కాల్చినప్పుడు మళ్లీ ముందుకి సాగుతుంది. మీ 336లో బోల్ట్ వెనక భాగంలో లాక్ అవుతుంది కాబట్టి అసలే కేస్ సాగుడు ఎక్కువ. నాలుగైదు సార్లయ్యాక అడుగున లోపలివైపు గోడ పల్చబడి, ఒకరోజు కేస్ రెండు ముక్కలవుతుంది. పేపర్ క్లిప్ కొస చిన్న కొక్కెంలా వంచి, కేస్ లోపల అడుగునుంచి పైకి గోడ వెంట లాగి చూస్తూ ఉండండి. కొస ఒక గాడిలో పడి తట్టుకుంటే ఆ కేస్ పారేయాలి. స్నేహితుడు ఇచ్చినవాటికి ఈ పరీక్ష తప్పకుండా చేయండి, అవి ఎన్నిసార్లు కాలాయో మీకు తెలియదు.

నీలిఉక్కు

నా అంచనా తప్పింది. బుల్లెట్ మీద రంగు చెరగలేదన్నారు కాబట్టి రైఫ్లింగ్ సంగతి పక్కన పెట్టేద్దాం. ఒక ప్రశ్న. ఆ 16 తూటాలనీ డీక్యాపింగ్ పిన్ (ప్రైమర్‌ని, అంటే పౌడర్‌ని అంటించే చిన్న గుండీని, తోసేసే పిన్) తీసేసి మళ్లీ సైజింగ్ డైలో పెట్టి భుజం సరిచేయొచ్చా? విప్పే పని తప్పుతుంది కదా.

ముప్పైముప్పై

వద్దు. లోడ్ చేసిన తూటాని ఫుల్ లెంగ్త్ డైలోకి పంపే పని ఎవరూ చేయొద్దు. లోపల పౌడర్ ఉంది, అడుగున ప్రైమర్ ఉంది, మెడలో బుల్లెట్ ఉంది. డై మెడని నొక్కితే బుల్లెట్‌తో సహా నలిగిపోతుంది, కేస్ డైలో ఇరుక్కుంటే ఆ తూటాని బయటికి తీయడం ఇంకో గండం. పదహారు బుల్లెట్లు విప్పడానికి అరగంట చాలు.

కొత్తచెయ్యి

విప్పేస్తాను. నా దగ్గర సుత్తిలాంటి ఇనర్షియా పుల్లర్ ఉంది. క్రింప్ బాగా బిగించాను కదా, వస్తాయా?

పద్దుపుస్తకం

వస్తాయి, కాకపోతే దెబ్బలు ఎక్కువ పడతాయి. కొంచెం మెత్తని ఇనుము మీదో, గట్టి చెక్క మొద్దు కొస మీదో కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. కొలెట్ పుల్లర్ ఉంటే ఇంకా సులువు, కానీ ఫ్లాట్ నోజ్ బుల్లెట్‌లో పట్టుకోవడానికి బయట ఎక్కువ భాగం ఉండదు, కొన్నిసార్లు జారిపోతుంది.

పౌడర్ ఏ డబ్బాలోదో మీరు రాసుకున్నారని, మధ్యలో వేరే పౌడర్ బల్ల మీదికి రాలేదని నూటికి నూరు శాతం తెలిస్తేనే తిరిగి అందులో పోయండి. రవ్వంత అనుమానం ఉన్నా పారబోయండి.

ఇక కేసులు. వాటిలో ప్రైమర్లు బతికే ఉన్నాయి. నేనైతే సైజింగ్ డైలో కింది పిన్ మాత్రమే తీసేసి, పైనున్న ఎక్స్‌పాండర్ గుండు ఉంచి సైజ్ చేస్తాను. ప్రైమర్ కదలదు, మెడ లోపలి కొలత మామూలుగానే వస్తుంది. గుండు కూడా తీసేస్తే మెడ మరీ బిగుతై, బుల్లెట్ దించేటప్పుడు భుజం మళ్లీ ఉబ్బుతుంది, మీరు బయల్దేరిన చోటికే వస్తారు. లూబ్రికెంట్ పల్చగా రాయండి, ప్రైమర్ దాకా పోనివ్వొద్దు.

సీసంపోత

ఒక మాట కలుపుతాను. నేను ఈ తూటాకి సీసం బుల్లెట్లు పోతపోసి 0.309, 0.310 సైజుకి తెచ్చుకుంటాను. జాకెట్ బుల్లెట్ 0.308 కదా, నావి ఒకటి రెండు థౌ లావు. అందుకే నాకు మెడ దగ్గర పట్టేస్తుంది. కొత్తచెయ్యి గారికి ఇప్పుడు ఈ బాధ లేదు కానీ, రేపు సీసం వైపు వస్తే లోడ్ చేశాక మెడ వ్యాసం తప్పక కొలవాలి. మెడ ఇత్తడి మందంగా ఉన్న కేసులకీ ఇదే సూత్రం. సీసం బుల్లెట్ అయితే కేస్ మూతిని ముందు కొంచెం గంటలా విప్పుతాం, ఆ విప్పు క్రింప్‌లో పూర్తిగా మూసుకోకపోతే అదీ ఛాంబర్ నోట్లోనే తగులుతుంది.

మూడుయాభైఏడు

ఇదే దారంలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాది 357 మాగ్నమ్ లీవర్ రైఫిల్. ఎక్కువగా 38 స్పెషల్ కాలుస్తాను. ఈమధ్య 357 తూటాలు చివర్లో పట్టేస్తున్నాయి, రెండు నెలల కిందట బాగానే వెళ్లేవి. క్రింప్, పొడవు అన్నీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి.

సీసంపోత

ఛాంబర్ కడగండి. 38 స్పెషల్ కేస్ 1.155, 357 కేస్ 1.290. మధ్యలో ఉన్న 135 థౌ మేర పొట్టి తూటా కాల్చినప్పుడల్లా మసి, సీసం పేరుకుని గట్టి ఉంగరంలా తయారవుతుంది. పొడుగు కేస్ మూతి దానికి తగిలి ఆగుతుంది. సాల్వెంట్ పోసి కాసేపు నాననిచ్చి, ఛాంబర్‌కి బిగుతుగా పట్టే ఇత్తడి బ్రష్‌తో తిప్పుతూ రుద్దండి. రెండు మూడు సార్లు చేస్తే పోతుంది. లోపల ఆ ఉంగరం ఉండగా 357 తూటాని నొక్కి మూసి కాల్చొద్దు, మూతి విప్పుకోవడానికి చోటు లేక ప్రెషర్ పెరుగుతుంది.

మూడుయాభైఏడు

ధన్యవాదాలు. టార్చ్ వేసి చూస్తే నల్లటి వలయం కనిపిస్తోంది. ఇవాళే కడుగుతాను.

కొత్తచెయ్యి

విప్పడం అయిపోయింది. కేసులన్నీ, పిన్ తీసి సైజ్ చేసినవాటితో కలిపి, 2.029కి ట్రిమ్ చేసి, మూతి లోపలా బయటా చాంఫర్ తీశాను (అంచు వాలుగా చెక్కాను). పేపర్ క్లిప్ పరీక్షలో స్నేహితుడి కేసుల్లో నాలుగింటికి లోపల గాడి తగిలింది, నలగ్గొట్టి పారేశాను. వర్నియర్ గారు చెప్పినట్టు టార్చ్ వేస్తే సైజింగ్ డై కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది. ఎనిమిదో వంతు దించాక పోయింది, ఇప్పుడు ఆ సంచిలోని ఒట్టి కేసులు కూడా టక్‌మంటున్నాయి.

ఇప్పుడు క్రింప్ ఎలా సెట్ చేయాలి? ఇంతకుముందు సీటింగ్, క్రింప్ రెండూ ఒకే దెబ్బలో చేసేవాణ్ణి.

ముప్పైముప్పై

రెండు దఫాలుగా చేయండి, డై అదే వాడొచ్చు.

మొదటి దఫా: ట్రిమ్ చేసిన ఒట్టి కేస్ పెట్టి ర్యామ్ పైకెత్తండి. డై బాడీని కిందికి తిప్పుతూ పోతే ఒక చోట లోపలి అంచు కేస్ మూతికి తగులుతుంది, చేతికి తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పి బిగించండి. ఇప్పుడు క్రింప్ పడదు. సీటింగ్ స్టెమ్ మెల్లగా దించుతూ, కేస్ మూతి బుల్లెట్ గాడి మధ్యకి వచ్చేలా బుల్లెట్ దించండి. అన్నీ ఇలా సీట్ చేసేయండి.

రెండో దఫా: స్టెమ్‌ని బుల్లెట్‌కి తగలనంత పైకి తిప్పేయండి. సీట్ చేసిన తూటా పెట్టి, డై బాడీని మళ్లీ మూతికి తగిలేదాకా దించి, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా దించుతూ క్రింప్ చూసుకోండి. మూతి అంచు గాడిలోకి ఒదిగి, వేలితో తడిమితే మెట్టు తెలియకుండా ఉంటే చాలు. అంతకు మించి తిప్పితే బలం పెరగదు, భుజం పోతుంది.

సెట్టింగ్ అంతా పౌడర్, ప్రైమర్ లేని డమ్మీ తూటాల మీదే చేయండి. అయిదారు చేసి, బోల్ట్ పెట్టేసి, ట్యూబ్‌లో నింపి లీవర్‌తో తిప్పి చూడండి. ఒకేసారి ఛాంబర్, తూటాని పైకెత్తే లిఫ్టర్ రెండూ పరీక్షించినట్టవుతుంది. తిప్పాక డమ్మీల పొడవు మళ్లీ కొలవండి. స్ప్రింగ్ ఒత్తిడికి బుల్లెట్ లోపలికి జారితే క్రింప్ తక్కువైందని అర్థం.

వర్నియర్

నేను ఇక్కడ ముప్పైముప్పై గారితో కొంచెం విభేదిస్తాను. విడిగా లీ ఫ్యాక్టరీ క్రింప్ డై వాడితే ఈ సెట్టింగ్ బాధ చాలా తగ్గుతుంది. అది కేస్ మూతిని పైనుంచి తొయ్యదు, కొలెట్ నాలుగు పక్కల నుంచీ లోపలికి నొక్కుతుంది. అందువల్ల కేస్ పొడవులో చిన్న తేడా ఉన్నా భుజం మీద భారం పడదు. కొత్తవాళ్లకి నేను అదే చెబుతాను.

ముప్పైముప్పై

అది మంచి డైయే, కాదనను. కానీ అది ఉంది కదా అని ట్రిమ్ మానేసేవాళ్లని చూశాను. 2.052 కేస్ ఛాంబర్ గొంతులోకి పొడుచుకుపోతే ఏ క్రింప్ డై కాపాడదు. ట్రిమ్ చేసి ఏది వాడినా నాకు సమ్మతమే.

వర్నియర్

దానికి ఒప్పుకుంటాను.

బరువుబుల్లెట్

45-70 తూటా వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక హెచ్చరిక. హార్నడీ ఎఫ్‌టీఎక్స్ బుల్లెట్ వాడేవాళ్లు కేస్‌ని మామూలు 2.105 లెక్కకి కాకుండా 2.040కి ట్రిమ్ చేయాలి. ముక్కు పొడుగు కాబట్టి, మామూలు కేస్‌లో గాడి దగ్గర క్రింప్ వేస్తే తూటా లిఫ్టర్‌కి సరిపడని పొడవు వస్తుంది. మెత్తని కొస ఉంది కాబట్టి అది ట్యూబ్‌లో పెట్టొచ్చు. మామూలు వాడి ముక్కు బుల్లెట్లు మాత్రం ట్యూబ్ మ్యాగజీన్‌లో పెట్టకూడదు, ముందున్న తూటా ప్రైమర్‌కి వెనకదాని కొస ఆనుకుని ఉంటుంది.

పద్దుపుస్తకం

కొత్తచెయ్యి గారూ, ప్రైమర్ల ఎత్తు కూడా చూడండి. అద్దం ముక్క మీద కేస్ నిలబెట్టి వేలితో తాకితే ఊగకూడదు. ఊగితే ప్రైమర్ పైకి ఉందని అర్థం. రిమ్ కంటే 3 నుంచి 5 థౌ లోపలికి ఉండాలి. పైకున్న ప్రైమర్ వల్ల కూడా బోల్ట్ చివర్లో ఆగుతుంది, పైగా ట్యూబ్‌లో అది ఇంకా ప్రమాదం.

కొత్తచెయ్యి

అక్కా, చూశాను. ఒకటి ఊగింది, పక్కన పెట్టాను. మంచి సంగతి చెప్పారు.

డమ్మీలు ఆరు చేశాను. మొదటి రెండింటికి క్రింప్ ఎక్కువైంది, అద్దం మీద మళ్లీ ఆ కట్టు కనిపించింది. డై బాడీని పదహారో వంతు చుట్టు వెనక్కి తిప్పాక మిగతా నాలుగూ శుభ్రంగా వచ్చాయి. ట్యూబ్‌లో నింపి పదేసి సార్లు తిప్పాను, పొడవు ఒక్క థౌ కూడా తగ్గలేదు.

కొత్తచెయ్యి

వారం తర్వాత అప్‌డేట్. కొత్తగా లోడ్ చేసిన 40 తూటాలు ఇవాళ రేంజ్‌కి తీసుకెళ్లాను. ఇంటి దగ్గరే బోల్ట్ తీసి అన్నీ ఒక్కొక్కటీ జార్చి చూశాను, నలభైకి నలభై టక్‌మన్నాయి. రేంజ్‌లో లీవర్ ఎక్కడా ఆగలేదు. ముందు వారం బాగానే వెళ్లిన ఆ 28 కూడా అద్దం మీద దొర్లించి, భుజం కొలిచి, ప్రైమర్ చూసి, కేస్ పొడవు క్రింప్ దగ్గర సరిగ్గా కనిపించిన 22 మాత్రం కాల్చాను, మిగతా 6 విప్పేశాను.

కాల్చిన కేసులు ఇంటికొచ్చాక కొలిస్తే 2.031 నుంచి 2.033 దాకా ఉన్నాయి, సైజ్ చేయకముందు.

ముప్పైముప్పై

చాలా సంతోషం. సైజ్ చేశాక మళ్లీ కొలవండి, డైలోంచి వచ్చేటప్పుడు ఇంకొంచెం సాగుతాయి. 2.039 దాటినవి ఒక్కటి కనిపించినా మొత్తం బ్యాచ్ ట్రిమ్ చేయండి, అన్నీ ఒకే పొడవులో ఉంటేనే క్రింప్ ఒకేలా పడుతుంది.

కొత్తచెయ్యి

అలాగే అన్నా. మూత మీద ట్రిమ్ చేసిన పొడవు, ఎన్నోసారి కాల్చానో రాసి డబ్బాలు వేరు చేశాను. స్నేహితుడి కేసులు నావాటితో కలపడం లేదు.